ధరల పటము, మన చిట్టా
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసమయమున నన్ను భారతముపైనో, పలనాటి వీరగాథపైనో ప్రసంగింపుమని కోరుదురని తలచితిని. సంఘమువారు నాకిచ్చిన విషయము వేరు. షేరుమార్కెటులో ధరల పటములను చదివి క్రయవిక్రయములు చేయు విద్య, లోకమున టెక్నికల్ ఎనాలిసిస్ అని పేరుపొందినది, దానిని గూర్చి చెప్పుమనిరి. కారణమడుగగా కార్యదర్శిగారు మారుమాట లేక నన్ను పఠనమందిరమునకు తోడ్కొనిపోయిరి. దినపత్రికల బల్లచుట్టు ఏడుగురు యువకులు కూర్చుండిరి. ఒక్కరి చేతను పత్రిక లేదు. ఏడు సెల్‌ఫోనులలోను ఎరుపు గీతలు, పచ్చగీతలు కదలుచుండెను.

నేను పండితుడను గాను. మా తాతగారు కరణీకము చేసిరి. 1984లో కరణీకములు రద్దయిన పిదప మా ఇంట మిగిలినవి రెండే: ఒక దస్తరపు పెట్టె, ఒక ఆంధ్రమహాభారతము. లెక్కను పెట్టెనుండియు, పద్యమును భారతమునుండియు నా అంతట నేనే నేర్చుకొంటిని. ముప్పదియేండ్లుగా ఈ గ్రామపు లెక్కలు వ్రాయుచున్నాను. సహకార సంఘపు లెక్కలు, పత్తి మిల్లు లెక్కలు, మిరపకాయల వ్యాపారుల లెక్కలు నా చేతిమీదుగా నడచినవే. ఇట్టివానికి ధరల పటములతో పొత్తేమియని మీరడుగవచ్చును. పొత్తున్నది. ఆ విద్యను నేను నేర్చితిని. దానితో వ్యాపారము చేసి నష్టపోతిని. పిమ్మట ఆ నష్టమునకు లెక్క వ్రాసితిని. నేడు మీకు నివేదింపదగినది ఆ లెక్కయే.

ముందుగా విద్య ఎట్టిదో చెప్పెదను. ఇది మన ప్రాంతమునకు బొత్తిగా కొత్తది కాదు. మాఘమాసమున కల్లములలో కాయ ఎండుచుండగా మన రైతు ఏమని అడుగును? నిన్న గుంటూరు యార్డులో తేజ ఎంత పలికినది? ఎన్ని టిక్కీలు దిగినవి? మొన్నటికంటె ఎక్కువయా, తక్కువయా? ఈ మూడు ప్రశ్నలలోనే ఈ శాస్త్రమంతయు నిమిడియున్నది. ధర, సరుకు పరిమాణము, కాలము. వీనిని వరుసగా కాగితముపై గీసినచో పటమగును.

ఆ పటములో ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క గుర్తుండును. దానిని కొవ్వొత్తి, అనగా క్యాండిల్ అందురు. మిరప మాటతోనే ఉదాహరించెదను. ఉదయము తొలి బేరము రూ.12,000, ఆ దినమున మిక్కిలి ఎత్తు రూ.12,600, మిక్కిలి పల్లము రూ.11,800, కడపటి బేరము రూ.12,400 అనుకొనుడు. తొలి బేరమునుండి కడపటి బేరమువరకు గల భాగము కొవ్వొత్తి దేహము. పైకి 12,600 వరకును, క్రిందికి 11,800 వరకును సాగిన సన్నగీతలు దాని వత్తులు. కడపటి ధర తొలిధరకు మించినచో పచ్చన, తగ్గినచో ఎరుపు. నాలుగంకెలు ఒక్క చూపునకు అందును. ఇంతకు మించిన మాయ అందులో లేదు.

ఈ గుర్తులు జపాను దేశమునుండి వచ్చినవి. ఒసాకా నగరమున దోజిమా అనుచోట బియ్యపు బజారు 1730లో ప్రభుత్వ గుర్తింపు పొందినది. పదునెనిమిదవ శతాబ్దమున సకాతా పట్టణమునకు చెందిన హొమ్మా మునెహిసా అను బియ్యపు వర్తకుడు ధరల నడకను, వర్తకుల మనోభావములను పరిశీలించి ఖ్యాతి గాంచెను. కొవ్వొత్తి పటములను ఆయనకే ఆపాదించువారు పెక్కురు. అమెరికాలో చార్లెస్ డౌ అను పత్రికాసంపాదకుడు 1896లో పండ్రెండు కంపెనీల షేరు ధరలకు సగటు కట్టి ప్రకటించెను. ఆయన వ్యాసములనుండి ఎదిగిన భావము డౌ సిద్ధాంతమనబడినది. ధరలకు సముద్రమువలె పెద్దపోటు, నడిమి అల, చిరుతరంగము అని మూడు చలనములున్నవనియు, చిరుతరంగమును చూచి పోటును నిర్ణయింపరాదనియు దాని సారము. ఒకడు బియ్యపు వర్తకుడు, మరియొకడు పత్రికా రచయిత. ఇద్దరును బజారులో నిలిచి చూచినవారే.

మరి రెండు మాటలు మీరు తరచుగా విందురు: సపోర్టు, రెసిస్టెన్సు. ధర పడిపడి ఒకచోటికి రాగానే రైతులు "ఈ ధరకు అమ్మము" అని సరుకును కోల్డు స్టోరేజికి తరలింతురు. అమ్మువారు తగ్గుటచే పతనము ఆగును. అదియే ఆధారము, సపోర్టు. ధర పెరిగి మరియొకచోటికి రాగానే కోల్డు స్టోరేజిలోని సరుకంతయు బజారులోనికి దిగును. పెరుగుదల ఆగును. అది అడ్డు, రెసిస్టెన్సు. షేరులయందును ఇట్లే. వెనుక ఒక ధరకు కొని నష్టములో చిక్కుకొన్నవారు, ఆ ధర తిరిగి రాగానే అమ్మి బయటపడగోరుదురు. గీతల వెనుక నున్నది మనుష్యుల ఆశ, భయము. ఇరువది దినముల ధరలకు సగటు కట్టి ప్రతిదినము ఒక అంకెను వదలి ఒక అంకెను చేర్చుచు పోయినచో మూవింగ్ యావరేజి యగును. చిరుతరంగములను అణచి పెద్ద నడకను చూపుట దాని పని. ధర పెరుగునప్పుడు చేతులు మారిన సరుకుకూడ పెరిగినచో ఆ పెరుగుదలకు బలమున్నదందురు. ఇవియన్నియు శ్రద్ధగలవాడు రెండు నెలలలో నేర్వగలడు. నేను నేర్చితిని.

అయితే ఈ పటము నిన్నటివరకు జరిగినదే చెప్పును. రేపటిది చెప్పదు. ఈ మాట మనకు మిరపయే నేర్పవలసియుండెను. 2016లో మిరప మంచి ధర పలికెను. ఆ ధర చూచి మరుసటి పంటకు అందరును మిరపయే వేసిరి. 2017 వేసవి నాటికి ధర ఎంత కూలెననగా, కేంద్ర ప్రభుత్వము క్వింటాలునకు రూ.5,000 చొప్పున కొనుటకు మార్కెటు జోక్య పథకమును ప్రకటింపవలసివచ్చెను. మరల 2023లో కొన్ని రకములు రూ.20,000 దాటినవి. 2025 ఫిబ్రవరిలో కేంద్రము ప్రకటించిన జోక్య ధర రూ.11,781. రెండుమారులును పైకిపోవు గీతను చూచి అది అట్లే పోవుననుకొంటిమి. ఆ గీతను చూచి అందరును చేసిన పనియే దానిని క్రిందికి దింపినది.

షేరుల సంగతియు అంతే. హైదరాబాదునందలి సత్యం కంపెనీని మీరందరును ఎరుగుదురు. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు లెక్కలు కల్పితములని లేఖ వ్రాసి ఒప్పుకొనెను. ఆ ఒక్క దినమున షేరు విలువ నూటికి డెబ్బదియైదు పాళ్లకు మించి పోయెను. అంతకుముందే ధర పడుచున్నది కావున పటము హెచ్చరించినదని కొందరు చెప్పుదురు. కావచ్చును. కాని ఎంత పడునో, ఏనాడు పడునో ఏ గీతయు చెప్పలేదు. ధర ఇంతకు దిగినచో అమ్మివేయుమని ముందుగా చెప్పియుంచు స్టాప్‌లాసు అను ఏర్పాటుకూడ, ధర నడుమ ఆగక ఒక్కమారుగా జారినచో కోరిన ధరకు అక్కరకు రాదు.

గడచిన ధరలనుబట్టి రాబోవు ధరలను గ్రహింపవచ్చునా యని పండితులు నేటికిని వాదించుచునే యున్నారు. తెలియవచ్చిన విషయములన్నియు ధరలో ముందే కలిసిపోయియుండునను సిద్ధాంతమును 1970లో విస్తరించి వ్రాసిన షికాగో ఆచార్యుడు యూజీన్ ఫామాకు 2013లో నోబెల్ బహుమానము వచ్చినది. కొన్ని ఆకృతులలో కొంత సమాచారము లేకపోలేదని 2000లో ఆండ్రూ లో మున్నగువారు చూపిరి. కొంత సమాచారము వేరు, చేతికందు లాభము వేరు. ఆ రెంటి నడుమ ఖర్చులు, తొందరపాటు, ఆశ నిలిచియున్నవి.

ఇక మన దేశపు లెక్క వినుడు. ఇవి షేరుమార్కెటులను నియంత్రించు సెబీ సంస్థ అంకెలు. ఫ్యూచరులు, ఆప్షనులలో వ్యాపారము చేసిన సామాన్య వ్యక్తులలో 2021-22 మొదలు 2023-24 వరకు మూడేండ్లలో నూటికి 93 మంది నష్టపోయిరని 2024 సెప్టెంబరులో ప్రకటించినది. ఒక కోటికి పైబడిన జనము. ఖర్చులతోగూడ నష్టము రూ.1.8 లక్షల కోట్లకు మించినది. 2023-24లో వారిలో నూటికి 43 మంది ముప్పది యేండ్ల లోపువారు. నూటికి 72 మందికి పైగా దేశమునందలి మొదటి ముప్పది పెద్ద నగరములకు వెలుపలివారు, అనగా నరసరావుపేట, మాచెర్ల, గురజాలవంటి ఊళ్లవారు, మనవంటి గ్రామములవారు. 2024-25లోను నూటికి 91 మంది నష్టపోయిరి. ఒకేదినమున కొని అమ్ము షేరు వ్యాపారములో 2022-23న నూటికి 71 మంది నష్టపోగా, ఆ ఏట అయిదువందల మారులకు మించి బేరములాడినవారిలో నూటికి 80 మంది నష్టపోయిరి. అలవాటు పెరిగినకొలది నేర్పు పెరుగునని మనమనుకొందుము. ఈ అంకెలలో నష్టపోవువారి పాలు పెరిగినది.

ఆప్షను అననేమో తెలియనివారికొక మాట. పొలము కొనదలచినవాడు బయానా ఇచ్చి గడువు వ్రాయించుకొనును. గడువులో పొలము ధర పెరిగినచో వానికి లాభము. పెరుగనిచో బయానా పోవును. ఆప్షను కొనుట ఇట్టిది. కాని ఇచట గడువు వారమో, నెలయో. ధర ఏ వైపునకు పోవును, ఎంత పోవును, ఎన్నటిలోపల పోవును అను మూడును కలిసిరావలెను. పటము సూచించిన సూచించునది మొదటిదానినే. గడువు దగ్గరపడినకొలది బయానా విలువ తనంత తానే కరిగిపోవును.

ఇప్పుడు నా కథ. 2020 మార్చి 23న సెన్సెక్సు 25,981 వద్ద ముగిసినది. 2021 జనవరిలో 50,000 తాకినది. ఆ నడుమనే మా మేనల్లుడు నా ఫోనులో ఖాతా తెరచి ఇచ్చెను. కరోనా దినములు, ఇల్లు కదలని కాలము. పగలు పటములు, రాత్రి పుస్తకములు. ఏది కొన్నను పెరిగెను. దానిని నా విద్యయనుకొంటిని. కృష్ణలో వరద వచ్చినప్పుడు తెప్పయు లేచును, తాటిమొద్దును లేచును. నేను తెప్పనో మొద్దునో వరద తీసినపిదపగాని తెలియలేదు.

2021 చివర ఆప్షనులలో దిగితిని. ఇంటికి స్లాబు వేయుటకు దాచిన సొమ్ము అందు పెట్టితిని. పదునాలుగు నెలలు గడచినవి. గెలుచుచున్నాననియే నా నమ్మకము. ఏలయన వారములో మూడు దినములు లాభమే కనబడుచుండెను. ఒక రాత్రి మా ఇంటివారు దీపము దగ్గరకు వచ్చి నిలిచి, "ఏమండీ, ఊరందరి లెక్కలూ రాస్తారు గదా, మన లెక్క ఏ పుస్తకంలో ఉంది?" అని అడిగిరి. నాయొద్ద జవాబు లేదు. ముప్పదియేండ్లు ఒక్క పైసా తేడా రానీయని నేను, నా సొమ్మునకు చిట్టా వ్రాయలేదు.

ఆ రాత్రియే కొత్త పుస్తకము తెరచితిని. ఖాతా వివరములన్నియు దింపుకొని, ఒక్కొక్క బేరమును తారీఖువారీగా ఎక్కించితిని. నాలుగు రాత్రులు పట్టినది. మొత్తము 131 బేరములు. అందులో లాభమువి 74, నష్టమువి 57. ఇంతవరకు నేననుకొన్నదే నిజము, గెలుపులే ఎక్కువ. కాని గెలిచిన 74 బేరములవలన వచ్చినది రూ.1,11,000. ఓడిన 57 బేరములవలన పోయినది రూ.2,85,000. బ్రోకరునకు, ఎక్స్ఛేంజికి, ప్రభుత్వమునకు చెల్లిన ఖర్చులు రూ.38,000. వెరసి నష్టము రూ.2,12,000. ఒక్క గెలుపునకు సగటున పదునైదు వందలు, ఒక్క ఓటమికి అయిదువేలు.

ఎందువలననగా, లాభము కనబడగానే పోవునేమోయని భయపడి అమ్మితిని. నష్టము కనబడగానే తిరిగివచ్చునను ఆశతో పట్టుకొని కూర్చుంటిని. పటములో సపోర్టు తెగినదని కన్ను చెప్పుచుండగా, చేయి దానికి దిగువన మరియొక గీత గీసినది. విద్య తప్పు చెప్పలేదు. చెప్పినదానిని నేను వినలేదు. నాకు బాకీపడినవానిని నమ్మనివాడను, నన్ను నేను లెక్క అడుగక నమ్మితిని.

అప్పుడు ఆరణ్యపర్వములోని నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. జూదమున రాజ్యము పోగొట్టుకొన్న నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలుచుండెను. దారిలో ఋతుపర్ణుడు ఒక విభీతకవృక్షమును, మనము తానిచెట్టందుము, చూచి దాని కాయలిన్ని, ఆకులిన్ని యని చెప్పెను. నలుడు ఆ మాటను ఊరక నమ్మలేదు. రథము నిలిపి దిగి లెక్కించెను. లెక్క సరిపోయినది. ఆ సంఖ్యావిద్యతో కూడిన అక్షహృదయమును గ్రహించినపుడు గాని కలి వాని దేహమును విడువలేదు. బాల్యమునుండి ఈ కథను చదివితిని. నలుడు రథము దిగి కాయలు లెక్కించుట ఎంత ముఖ్యమో రూ.2,12,000 పోయినపిదప తెలిసినది. పందెమన్నచో పలనాటివారికి వేరుగా చెప్పనక్కరలేదు. కోడిపందెమున ఓడి మాచెర్లవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోయిన కథయు, ఆ వెనుక కారెంపూడి రణభూమి కథయు మన నేలమీదివే.

కావున యువకులారా, ఈ విద్యను నేర్వవద్దని నేను చెప్పను. ధరను చదువ నేర్చినవాడు మిరప అమ్ముకొనుటలోను మోసపోడు. కాని నాలుగు మాటలు వినుడు.

మొదటిది. ఆరు నెలలు కాగితముమీద వ్యాపారము చేయుడు. ఈ ధరకు కొంటిని, ఈ ధరకు అమ్మితిని అని వ్రాయుడు, సొమ్ము పెట్టవలదు. కాగితముమీద గెలువనివాడు బజారులో గెలువడు.

రెండవది. పంట ఋణము, బంగారముమీది అప్పు, ఎరువుల సొమ్ము, పిల్లల చదువు సొమ్ము ఇందు పెట్టరాదు. సగము పోయినచో మిగిలినది రెండింతలు కానిదే మొదటికి రాదు. నూటికి పది పోయినచో పదకొండు పాళ్ల పైచిలుకు పెరిగిన చాలును. చిన్న నష్టము పూడును, పెద్ద నష్టము పూడదు.

మూడవది. కొనుటకు ముందే, ఎంత నష్టమువరకు నిలుతునో వ్రాయుడు. లక్ష రూపాయలున్నవాడు ఒక్క బేరమున వేయికి మించి పోగొట్టుకొనరాదని నియమము పెట్టుకొనెననుడు. రూ.200 ధరకు కొని రూ.190 వద్ద విడువదలచినచో, షేరునకు పది రూపాయల నష్టము. వేయిని పదిచే భాగించిన నూరు. నూరు షేరులే కొనవలెను. ఈ భాగహారము మూడవ తరగతి పిల్లవాడు చేయును. దానిని ప్రతిమారు చేయుటయే కష్టము.

నాలుగవది. ఎవడో పంపిన సందేశమును చూచి కొనవలదు. సలహా ఇచ్చువాడు సెబీ వద్ద నమోదైనవాడా యని విచారింపుడు. తప్పక లాభము వచ్చునని చెప్పినవాడు నమోదై యున్నను లేకున్నను వానికి నమస్కరించి లేచిపొండు. నెలాఖరున ఖర్చులతోగూడ లెక్క కట్టి, బ్యాంకు వడ్డీతో పోల్చి చూచుకొనుడు.

నా సంగతి దాచను. ఆప్షనుల జోలికి మరల పోలేదు. కొద్ది సొమ్ముతో, చిట్టా వ్రాయుచు, షేరులు మాత్రమే కొని అమ్ముచున్నాను. గడచిన రెండేండ్ల లాభము బ్యాంకు వడ్డీకి ఇంచుమించు సమానముగా నున్నది. ఇంత చదువునకు ఇంతయేనా యని మీరు నవ్వవచ్చును. మా ఇంటికి నేటికిని రేకులే. వానకాలమున వానిపై పడు చినుకుల చప్పుడు నా లెక్కను నాకు చదివి వినిపించుచుండును.

కడపట ఒక చిన్న సమర్పణ. ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు ఏడు చిట్టా పుస్తకములు ఇచ్చుచున్నాను. తారీఖు, కొన్న కారణము, ధర, నష్టపు హద్దు, అమ్మిన ధర, ఖర్చు, నికరము అని గడులు గీయించితిని. పఠనమందిరపు బల్లమీద నుండును. ఫోను చూడదలచినవాడు ముందు పుస్తకము తెరువవలెనని మా కోరిక. నిన్న సాయంకాలము ఆ ఏడుగురిలో ఒక చిరంజీవి మా ఇంటికి వచ్చి, "బాబాయిగారూ, నాది మీరే చూడాలి, ఇంట్లో ఇంకా చెప్పలేదు" అని ఒక పుస్తకము పట్టుకొనిపోయెను. ఇప్పుడు బల్లమీద ఆరున్నవి. ఆ ఆరును త్వరలో నిండవలెనని కోరుచున్నాను.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక.